బెల్లం ఎప్పుడు వేయాలి? పొంగలి, పాసెం, చిక్కీ, ఓళిగలు, ఒక సంగటి ముద్ద

పొంగలిలో బియ్యం పలుకు తగిలినా, పాసెం విరిగినా, చిక్కీ పళ్లకు అతుక్కున్నా, ఓళిగ పెనం మీద చిల్లులు పడినా అందరూ కొలతనే అనుమానిస్తారు. తిప్పి చూస్తే చాలాసార్లు తప్పు వేళది. బెల్లం ముందే పడి ఉంటుంది, లేదంటే పొయ్యి ముందే ఆగి ఉంటుంది. కొలత పది గ్రాములు అటూ ఇటూ అయినా వంట సర్దుకుంటుంది. వేళ తప్పితే సర్దుకోదు.

కింద ఉన్నవన్నీ చిత్తూరు, తిరుపతి ఇళ్లలో మామూలుగా వండుకునేవే. కొలతలు గ్రాముల్లో, మిల్లీలీటర్లలో ఇచ్చాం. ఒక ఇంటి గ్లాసు ఇంకో ఇంటి గ్లాసుతో కలవదు కాబట్టి అంగట్లో దొరికే చిన్న తూకం మిషన్ ఒకటి కొని పెట్టుకోండి. లడ్డూ జోలికి మాత్రం పోవడం లేదు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన తిరుమల లడ్డూ చక్కెర పాకం మీద నడిచే వంట. ఇక్కడ మన పని బెల్లంతో.

ముందు బెల్లం సంగతి

చిత్తూరు అనగానే బెల్లం మండీలు గుర్తొస్తాయి. అంగట్లో రెండు మూడు రంగుల్లో దొరుకుతుంది. నిమ్మపండు రంగులో మెరిసిపోయే దాన్ని చూసి మురిసిపోకండి. అలా తేలేలా చెరుకురసంలో హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు ఉంది. తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు మధ్యలో ఉన్నది తీసుకోండి. మరీ నల్లగా, మెత్తగా, చేతికి తడి తగిలే బెల్లం పొంగలికి పనికొస్తుంది, చిక్కీకి పనికిరాదు.

కొనేటప్పుడు చిటికెడు నోట్లో వేసుకుని చూడండి. తీపి వెనకాల ఉప్పదనం గానీ పులుపు గానీ తగిలితే దాన్ని పాలు పోసే వంటల్లో వాడొద్దు. గోరుతో గీకితే పొడిపొడిగా రాలే బెల్లం పాకానికి మంచిది.

ఎంత మంచి బెల్లంలోనైనా ఇసుక, చెరుకు పీచు ఉంటాయి. అందుకే దీన్ని ఒక్కసారి కరిగించి పెట్టుకుంటే వారమంతా హాయి. 500 గ్రాముల బెల్లం చితక్కొట్టి 120 మి.లీ. నీళ్లు పోసి సన్నటి మంట మీద కరిగించండి. పూర్తిగా కరిగాక ఒక్క పొంగు రానిచ్చి పలుచటి గుడ్డలో వడకట్టండి. పాకం పట్టాల్సిన పని లేదు, కరిగితే చాలు. దీన్ని తూచి వాడుకునేటప్పుడు లెక్క ఇది: 120 గ్రాముల బెల్లంనీళ్లలో 100 గ్రాముల బెల్లం ఉన్నట్టు. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం నిలుస్తుంది. పొంగలికి, పాసేనికి ఇదే వాడండి. చిక్కీకి మాత్రం గడ్డ బెల్లమే మేలు. అక్కడ నీళ్లు ఎంత తక్కువుంటే పాకం అంత తొందరగా వస్తుంది.

బెల్లం పొంగలి

పేరులో చక్కెర ఉన్నా చక్కెర పొంగలి గిన్నెలో ఉండేది బెల్లమే. పక్కనే ఉన్న తమిళనాట సర్కరై పొంగల్ అనేదీ బెల్లంతో చేసేదే. సంక్రాంతికి, మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు పొంగళ్లు పెట్టే ఇళ్లలో దీనికి వేరే పరిచయం అక్కర్లేదు. కానీ రోజూ చేసే వంట కాదు కాబట్టి ఏడాదికోసారి చేయి తప్పుతుంటుంది.

ఐదుగురికి: పచ్చిబియ్యం 150 గ్రాములు, పెసరబేడలు 50 గ్రాములు, నీళ్లు 800 మి.లీ., పాలు 200 మి.లీ., బెల్లం 250 గ్రాములు (బెల్లంనీళ్లయితే 300 గ్రాములు), నెయ్యి 60 గ్రాములు, జీడిపప్పు 20 గ్రాములు, ఎండుద్రాక్ష 20 గ్రాములు, యాలక్కాయలు 4, చిటికెడు ఉప్పు, ఆవగింజంత పచ్చకర్పూరం. గుడి ప్రసాదమంత తీపి కావాలంటే బెల్లం 350 గ్రాముల దాకా వెళ్లొచ్చు. అప్పుడు నెయ్యి కూడా 100 గ్రాములు చేయాలి, లేకపోతే చల్లారాక జిగురుగా గొంతుకు పట్టుకుంటుంది.

1. పెసరబేడలను నూనె లేకుండా సన్నటి సెగ మీద నాలుగైదు నిమిషాలు వేయించండి. వాసన రావాలి, రంగు ఎర్రబడకూడదు. ఎర్రబడితే ఉడకడానికి మొరాయిస్తాయి.

2. బియ్యంతో కలిపి కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టండి.

3. ఐదు లీటర్ల కుక్కర్లో నీళ్లు, పాలు, ఉప్పు, ఒక చెంచా నెయ్యి, నానిన బియ్యం, బేడలు వేయండి. ఆ చెంచా నెయ్యి నురగను అణుస్తుంది. మొత్తం కలిపి కుక్కర్లో సగానికి మించకూడదు. పాలు ఉన్నాయి కాబట్టి పొంగి విజిల్ రంధ్రంలోకి వస్తాయి. చిన్న కుక్కరైతే పాలు ముందు పోయకండి, ఉడికాక మెదిపేటప్పుడు వేడివి పోయండి.

4. మొదటి విజిల్ దాకా పెద్ద మంట, ఆ తర్వాత పన్నెండు నిమిషాలు సన్నమంట. ఆవిరి దానంతటదే దిగాలి.

5. మూత తీసిన వెంటనే, వేడి మీదే గరిటె వీపుతో మెదపండి. ఒక మెతుకు రెండు వేళ్ల మధ్య నలపండి. మధ్యలో సన్నటి గింజ తగిలితే ఇంకా ఉడకలేదన్నట్టే. 150 మి.లీ. వేడినీళ్లు పోసి మళ్లీ రెండు విజిళ్లు పెట్టండి. బెల్లం సీసా వైపు చూడొద్దు.

ఈ ఐదో మెట్టు దగ్గరే చాలా పొంగళ్లు చెడేది. "బెల్లంలో ఎలాగూ ఉడుకుతుంది కదా" అని వేసేస్తారు. ఉడకదు. బెల్లం నీటిని తనవైపు లాక్కుంటుంది, మెతుకు లోపలికి పోవాల్సిన నీరు బయటే ఆగిపోతుంది. దీనికి తోడు చెరుకురసం కాచేటప్పుడు మడ్డి తేలడానికి సున్నం వేస్తారు. ఆ సున్నపు అంశ, బెల్లంలో ఉండే కొద్దిపాటి పులుపు కలిసి బేడల పొరను గట్టిపరుస్తాయి. బెల్లం పడ్డాక గంటసేపు ఉడికించినా ఆ పలుకు పలుకే. తీపి పడకముందు ఎంత మెత్తబడితే అంతే దక్కుదల.

6. బెల్లంనీళ్లు వేడిగా ఉన్నప్పుడే పోసి కలపండి. చల్లటివి పోస్తే అన్నం బిగుసుకుని ఉండలు కడుతుంది. పోయగానే పొంగలి పలుచనవుతుంది. కంగారుపడి మంట పెంచకండి. ఎనిమిది, పది నిమిషాలు సన్నమంట మీద అడుగు తగిలేలా కలుపుతూ ఉంటే మళ్లీ దగ్గరపడుతుంది. గరిటె నుంచి నెమ్మదిగా జారుతూ ఉండగానే దించాలి. గట్టిపడ్డాక దించితే అరగంటకు కత్తితో కోయాల్సి వస్తుంది. ఎందుకంటే ఉడికిన బియ్యంలోని పిండిపదార్థం చల్లారేకొద్దీ బిగుస్తుంది.

7. నెయ్యిలో మూడో వంతు పొంగలిలో కలిపేసి, మిగతాదాంట్లో జీడిపప్పు వేయించండి. జీడిపప్పు లేత బంగారు రంగుకు వచ్చినప్పుడు ద్రాక్ష వేసి, ఉబ్బగానే నెయ్యితో సహా పొంగలిలో కుమ్మరించండి. యాలకుల పొడి, పచ్చకర్పూరం దించాకే.

పచ్చకర్పూరం గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. హారతి కర్పూరం వేరు, ఇది వేరు. హారతి బిళ్ల తింటే విషం. కొనేటప్పుడు తినే పచ్చకర్పూరమని అడిగి తీసుకోండి, రెండిటినీ ఒకే డబ్బాలో పెట్టకండి. తినేదైనా ఆవగింజకు మించితే పొంగలి చేదెక్కుతుంది, ఇక దానికి విరుగుడు లేదు.

మిగిలిన పొంగలిని మరునాడు వేడి చేయాలంటే గిన్నెడుకు నాలుగు చెంచాల వేడినీళ్లు చిలకరించి, మూతపెట్టి, సన్నసెగ మీద పెట్టండి. పాలు పోసి మరిగించకండి. కారణం కింద ఉంది.

పెసరబేడల పాసెం: పాలు విరగకుండా

పాలు మరుగుతున్నప్పుడు బెల్లం వేస్తే విరుగుతాయని అందరికీ తెలుసు. అయినా ప్రతి పండక్కీ ఎవరో ఒకరింట్లో విరుగుతూనే ఉంటాయి. బెల్లంలో పులుపు ఎక్కువేం ఉండదు. పాలు గోరువెచ్చగా ఉంటే దాన్ని తట్టుకుంటాయి. మరిగే వేడి, పులుపు, బెల్లంలోని లవణాలు మూడూ ఒకేసారి మీద పడితేనే పాలు ఓడిపోతాయి. పులుపును మనం తీసేయలేం, వేడినైతే తగ్గించగలం. మొత్తం ఉపాయం అంతే.

పెసరబేడలు 100 గ్రాములు వేయించి, 400 మి.లీ. నీళ్లలో మెత్తగా ఉడికించండి. ఇక్కడా అదే నియమం, వేలితో నొక్కితే నలిగాకే తీపి. 150 గ్రాముల బెల్లానికి సరిపడా బెల్లంనీళ్లు పోసి మూడు నిమిషాలు బాగా తెర్లనివ్వండి. పొయ్యి ఆర్పేయండి. ఇంకో గిన్నెలో 400 మి.లీ. పాలు కాచి పక్కన పెట్టండి. రెండు గిన్నెలూ ఇరవై నిమిషాలు అలా ఉండనివ్వండి. వేలు ముంచి పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే వేడి సరిపోయినట్టు. అప్పుడు పాలను సన్నటి ధారగా బేడల్లోకి పోస్తూ కలపండి. నెయ్యిలో వేయించిన కొబ్బరి ముక్కలు, యాలకుల పొడి వేయండి. ఆ తర్వాత ఈ గిన్నె మళ్లీ పొయ్యి ఎక్కకూడదు. వేడిగా కావాలంటే మరిగే నీళ్లున్న పెద్ద గిన్నెలో ఈ గిన్నెను పది నిమిషాలు నిలబెట్టండి.

పాలకు బదులు కొబ్బరిపాలు వాడితే చల్లార్చే తంటా చాలావరకు తప్పుతుంది. రెండోసారి తీసిన పలుచటి పాలతో బేడలు ఉడికించి, మొదటిసారి తీసిన చిక్కటి పాలు దించేశాక కలపండి. చిక్కటివి మరిగిస్తే నూనె విడిపోయి పైన తేలుతుంది.

ఇంత చేసినా విరిగితే? పారబోయకండి, తినడానికి ఏ ఇబ్బందీ లేదు. పూర్తిగా చల్లారాక మిక్సీలో ఒక తిప్పు తిప్పితే పలుకులు చాలావరకు కలిసిపోతాయి. వంటసోడా చిటికెడు వేస్తే విరగదనే మాట నిజమే, పులుపును చంపుతుంది. కానీ ఒక్క పిసరు ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది. చల్లార్చి పోయడం వచ్చినవాళ్లకు ఆ సోడాతో పనేముంది?

చెనక్కాయ ఉండలు, చిక్కీ

ఇక్కడ వేళ నిమిషాల్లో కాదు, సెకన్లలో ఉంటుంది. అందుకే ముందు అన్నీ చేతికందేలా పెట్టుకోండి: నెయ్యి రాసిన పళ్లెం, నెయ్యి రాసిన అప్పడాల కర్ర, చిన్న గిన్నెలో చల్లటి నీళ్లు, వేయించి పొట్టు తీసిన చెనిగ్గింజలు.

చెనిగ్గింజలు 250 గ్రాములు, బెల్లం 200 గ్రాములు, నీళ్లు 30 మి.లీ., నెయ్యి ఒక చెంచా. ఇంతే.

గింజలు వేయించడంలో తొందర వద్దు. మందపాటి బాండ్లిలో సన్నమంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. చిటపటలు ఆగిపోతున్న దశలో ఒక గింజ చల్లార్చి కొరకండి. కరకరమనాలి, లోపల రంగు లేత గోధుమగా ఉండాలి. వేడిగా ఉన్నప్పుడు కొరికితే ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, దాన్నిబట్టి ఇంకా వేయించి మాడ్చుకోకండి. వానకాలం పంట అక్టోబరు, నవంబరుల్లో చేతికొస్తుంది. ఆ కొత్త కాయల్లో తడి ఎక్కువ, వాటికి ఇంకో ఐదు నిమిషాలు కలపండి. చల్లారాక గుడ్డలో వేసి రుద్ది, పొట్టు ఊదేసి, బద్దలుగా విడగొట్టండి.

బెల్లం చితక్కొట్టి నీళ్లు పోసి కరిగించండి. ఇసుక ఉంటే కరగగానే ఒకసారి వడకట్టి మళ్లీ పొయ్యి ఎక్కించండి. ఇక మధ్యస్థపు మంట, ఆపకుండా కలపడం. మొదట పెద్ద పెద్ద బుడగలు, తర్వాత నురగ, ఆ తర్వాత చిన్న చిన్న బుడగలతో రంగు ముదురుతుంది. నురగ దశ దాటగానే ప్రతి అర నిమిషానికీ ఒక చుక్క చల్లటి నీళ్లలో వేసి చూడండి.

చుక్క నీళ్లలో పరుచుకుపోతే ఇంకా ఏమీ కాలేదు. వేళ్లతో దగ్గరకు చేరిస్తే మెత్తటి ఉండైతే ఉండపాకం, 115 డిగ్రీల దగ్గర. అది చెనక్కాయలకు చాలదు. ఉండ గట్టిపడి, పళ్లెంలో వేస్తే ఠంగుమని చప్పుడైతే 120 దాటి 125 వైపు పోతోందన్నట్టు. చెనక్కాయ ఉండలకు ఇది చాలు. చుక్క గాజుముక్కలా టక్కున విరిగితే చిక్కీ పాకం, 145 దగ్గర. మిఠాయి థర్మామీటరు ఉన్నా నీళ్ల పరీక్షను నమ్మండి. తిరుపతి కంటే మదనపల్లె దాదాపు 550 మీటర్లు ఎత్తు. అక్కడ నీళ్లు ఒకటి రెండు డిగ్రీలు ముందే మరుగుతాయి, పాకం అంకెలూ అంతమేర కిందికి దిగుతాయి. నీళ్లలో విరిగే చుక్క మాత్రం ఎక్కడైనా ఒకలాగే విరుగుతుంది.

పరీక్ష చేసే ఆ ఐదారు సెకన్లూ పొయ్యి మంట తగ్గించి ఉంచండి. చిక్కీ పాకానికీ మాడిన పాకానికీ మధ్య ఉన్నది అంతే. చక్కెర కంటే బెల్లం ముందే మాడుతుంది. పాకం వచ్చిందనగానే నెయ్యి చెంచా వేసి, మంట ఆర్పి, గింజలు గుమ్మరించి, నాలుగు తిప్పులు తిప్పి పళ్లెంలో వేయండి. కర్రతో ఒత్తండి. రెండు నిమిషాల్లోపే కత్తితో గీతలు పెట్టాలి. ఆలస్యమైతే ఎక్కడ పడితే అక్కడ విరుగుతుంది. ఉండలైతే అరచేతికి తడి చేసుకుని, కాలుతున్నా వేడి మీదే చుట్టాలి. ఇద్దరుంటే పని తేలిక. మధ్యలో గట్టిపడితే బాండ్లిని సన్నసెగ మీద అర నిమిషం పెట్టండి, మళ్లీ సాగుతుంది.

చల్లారాక చిక్కీ సాగుతూ పళ్లకు పట్టుకుంటుంటే పాకం ముందే ఆపారన్నమాట. గింజలతో సహా మళ్లీ బాండ్లిలో వేసి సన్నమంట మీద కరిగించి రెండు మూడు నిమిషాలు ఉడికించొచ్చు. కొద్దిగా రంగు ముదురుతుంది, రుచి పోదు. చేసిన రోజు కరకరలాడి మరునాటికి చెమ్మగిల్లితే తప్పు మీది కాదు, గాలిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడిగాలి మన జిల్లాల మీద ఉంటుంది, బెల్లం ఆ తడిని పీల్చుకుంటుంది. చల్లారీ చల్లారగానే బిగుతు మూత డబ్బాలో వేసేయండి. బయట గంటసేపు ఆరబెట్టడం అనే అలవాటు ఆ నెలల్లో మానేయాలి.

ఓళిగలు

బొబ్బట్లు అన్నా భక్ష్యాలు అన్నా మనకు ఓళిగలే. భయపడేంత కష్టం ఏమీ లేదు. ఒక్క మాట గుర్తుంటే చాలు: పూర్ణం మెత్తదనం, పిండి మెత్తదనం ఒకటిగా ఉండాలి. పిండి గట్టిగా ఉండి పూర్ణం జారుగా ఉంటే చిల్లు పడుతుంది. పూర్ణం గట్టిగా ఉంటే పూర్ణం మధ్యలోనే ఆగిపోయి అంచులు ఉత్త పిండిగా మిగులుతాయి.

పదిహేను ఓళిగలకు: శెనగబేడలు 250 గ్రాములు, బెల్లం 250 గ్రాములు, మైదా 150 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, నూనె 60 మి.లీ., నీళ్లు సుమారు 150 మి.లీ., చిటికెడు పసుపు, ఉప్పు, యాలక్కాయలు 5, కాల్చడానికి నెయ్యి.

ముందు పిండి. మైదా, గోధుమపిండి, ఉప్పు, పసుపు కలిపి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కంటే బాగా వదులుగా, చేతికి కొంచెం అంటేలా తడపండి. 40 మి.లీ. నూనె పోసి పది నిమిషాలు సాగదీస్తూ మర్దించండి. మిగతా 20 మి.లీ. పైన పోసి మూతపెట్టి రెండు గంటలు వదిలేయండి. ఈ రెండు గంటలు తగ్గిస్తే పిండి రబ్బరులా వెనక్కి లాగుతుంది. అప్పుడు ఎంత ఒత్తినా అది సాగదు, చిరుగుతుంది.

శెనగబేడలు గంట నానబెట్టి, మునిగాక పైన నాలుగు వేళ్ల నీళ్లుండేలా పోసి ఉడికించండి. వేళ్లతో నొక్కితే పొడిగా నలగాలి, ముద్దవ్వకూడదు. కుక్కరైతే నానినవాటికి రెండు విజిళ్లు చాలు. జల్లెడలో వంచి పది నిమిషాలు వదిలేయండి. కారిన కట్టు పారబోయొద్దు. అందులో చింతపండు, మిరియాలు, జీలకర్ర, కరివేపాకు వేసి, ఒక చెంచా పూర్ణం కూడా కలిపి చారు కాచుకోండి. ఓళిగల రోజు మధ్యాహ్నం ఆ చారన్నమే అసలు భోజనం.

ఇప్పుడు బెల్లం. నీళ్లు పూర్తిగా వడిసిన బేడల్లో గడ్డ బెల్లం పొడి వేసి బాండ్లిలో పెట్టండి. ఇక్కడ కరిగించిన బెల్లంనీళ్లు వాడితే పూర్ణం దగ్గరపడటానికి ముప్పావు గంట నిలబడాలి. బెల్లం కరిగి అంతా పలుచనవుతుంది, పన్నెండు పదిహేను నిమిషాలు కలిపితే మళ్లీ ముద్దవుతుంది. గరిటె మధ్యలో నిలబెడితే పడిపోకుండా ఉండాలి. దించి, వేడి తగ్గాక రోట్లో గానీ మిక్సీలో గానీ నీళ్లు లేకుండా మెత్తగా రుబ్బండి. ఒక్క బద్ద మిగిలినా ఒత్తేటప్పుడు పిండిని పొడుస్తుంది. యాలకుల పొడి కలిపి 45 గ్రాముల ఉండలు చేయండి. చల్లారాక ఇంకా బిగుస్తుంది కాబట్టి వేడి మీద కాస్త మెత్తగా అనిపించినా ఫర్వాలేదు. నిజంగానే జారుగా ఉంటే బాండ్లిలో మళ్లీ ఐదు నిమిషాలు తిప్పండి. శెనగపిండో, పుట్నాల పొడో కలిపి గట్టిపరిస్తే పచ్చివాసనో, ఎండు రుచో వస్తుంది.

పిండిని 30 గ్రాముల ఉండలు చేయండి. అరిటాకు మీదో నూనె రాసిన కవరు మీదో పిండిని అరచేయంత వెడల్పు చేసి, పూర్ణం పెట్టి, అంచులు పైకి లాగి మూసి, మూసిన వైపు కిందికి తిప్పండి. మధ్య నుంచి అంచులకు వేళ్లతో ఒత్తుకుంటూ పోండి. పెనం మధ్యస్థంగా కాలి ఉండాలి. మొదటి వైపు నిమిషం, రెండో వైపు నిమిషం, నెయ్యి తిప్పిన తర్వాతే. పెనం చల్లగా ఉంటే ఓళిగ ఎండిపోయి అప్పడమవుతుంది. మరీ కాలితే బెల్లం బయటికొచ్చిన చోట నల్లటి మచ్చలు, చేదు. ఒక్కో ఓళిగ తీశాక తడిగుడ్డతో పెనం తుడవండి.

పూర్ణం మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజులుంటుంది. బియ్యప్పిండి ఉడకబెట్టి దాంతో కుడుములు చేసుకోవచ్చు.

ఇంత తీపి తర్వాత, సంగటి

ఒంట్లో బాగోలేనప్పుడు, వాన పడుతున్నప్పుడు, ఏమీ వండబుద్ధి కానప్పుడు మనకు గుర్తొచ్చేది ముద్దే. నలుగురికి బియ్యం (నూకలైతే ఇంకా మంచిది) 100 గ్రాములు, రాగిపిండి 200 గ్రాములు, నీళ్లు 900 మి.లీ., ఉప్పు.

బియ్యం మెత్తగా, అన్నం కంటే జారుగా ఉడకాలి. ఉడికాక కూడా పైన రెండు వేళ్ల నీళ్లు నిలిచి ఉండాలి. ఇంకిపోతే వేడినీళ్లే కలపండి. ఇప్పుడు రాగిపిండిని మధ్యలో కుప్పగా పోయండి. కలపకండి. తెడ్డు వెనకవైపుతో కుప్ప మధ్యలో అడుగుదాకా ఒక బొక్క పెట్టండి. ఆ బొక్కలోంచి ఎసరు పైకి ఎగదన్ని పిండి మీద పారుతుంది. మూతపెట్టి సన్నమంట మీద ఎనిమిది, పది నిమిషాలు. పిండి తడిసి రంగు ముదిరి, పచ్చివాసన పోయాక దించి, గిన్నెను కాళ్లతో గట్టిగా పట్టుకునో, ఇంకొకరి చేత పట్టించో, తెడ్డుతో గిన్నె గోడకు అదిమి అదిమి కెలకండి. పిండి పోసిన వెంటనే కెలికితే పైపొర తడిసి జిగురై లోపల పొడి పిండిని బంధిస్తుంది. ఉండలు కట్టడం అంటే అదే. ఆ ఉండలు తర్వాత ఎంత కెలికినా పోవు. గట్టిగా ఉంటే గుప్పెడు వేడినీళ్లు చిలకరించండి. చేతికి అంటుకుంటుంటే మూతపెట్టి ఇంకో మూడు నిమిషాలు సెగ తగలనివ్వండి. తడిపిన గిన్నెలో వేసి తిప్పితే ముద్ద గుండ్రంగా వస్తుంది.

పక్కన ఊరిబిండి. వేయించిన చెనిగ్గింజలు 100 గ్రాములు, నూనెలో వేగిన పచ్చిమిరపకాయలు 8, గోళీకాయంత చింతపండు, తెల్లగడ్డ రెబ్బలు 5, ఉప్పు. రోట్లో కచ్చాపచ్చాగా దంచి చివర్లో చిన్న ఎర్రగడ్డ వేసి ఒక్క దెబ్బ. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, మెత్తగా అయితే అది చట్నీ, ఊరిబిండి కాదు. నీళ్లు మూడు నాలుగు చెంచాలకు మించొద్దు.

కారం తినలేని పిల్లలకైతే ముద్ద మధ్యలో గుంట చేసి, రెండు చెంచాల నెయ్యి పోసి, పొడిబెల్లం వేయండి. ఇక్కడ బెల్లానికి వేళ పళ్లెంలోనే: ముద్ద పొగలు కక్కుతున్నప్పుడు. పది నిమిషాలు ఆగితే ముద్ద పైన తోలు కట్టి నెయ్యీ బెల్లమూ లోపలికి దిగవు.

మిగిలిన ముద్దను రాత్రి మట్టిసట్టిలో నీళ్లు పోసి మునిగేలా ఉంచండి. పొద్దున ఆ నీళ్లతోనే చేత్తో పిసికి, మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ కలిపితే అంబలి. ఎండాకాలమైతే ఎనిమిది గంటలకే పులుపెక్కుతుంది, తొందరగా తాగేయాలి. చలికాలంలో మధ్యాహ్నం దాకా ఆగొచ్చు.